ఆదోని అమ్మాయి కోసం అడిగిన లెక్కే తండాల కోసమూ అడుగుతున్నాం: రాయలసీమ జిల్లాల ఎస్పీలకు బహిరంగ లేఖ

కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప, అన్నమయ్య జిల్లాల ఎస్పీ గార్లకు,

నమస్కారం. నేను ఆదోనిలో ఉంటాను. డీటీపీ, జెరాక్స్ షాపు నా బతుకుదెరువు. భూమి తగాదాలు, పింఛన్లు, పాసు పుస్తకాలు, పోలీసు కేసులు, ఏ పని మీద వచ్చినా జనం చెప్పింది విని అర్జీ టైపు చేసి ఇవ్వడం నా పని. ఏ పార్టీలోనూ లేను, ఏ సంఘంలోనూ సభ్యత్వం లేదు. సోమవారం మీ ఆఫీసులకు వచ్చే కాగితాల్లో నేను టైపు చేసినవి కూడా ఉంటాయి. ఆ కాగితాల్లో జనం భయపడి రాయించకుండా వదిలేసింది ఏమిటో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా ఊరి అమ్మాయి సంగతి. 2023 జనవరి 23 రాత్రి అమెరికాలోని సియాటిల్‌లో, ఆదోని నుంచి ఎంఎస్ చదవడానికి వెళ్లిన 23 ఏళ్ల అమ్మాయి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపేసింది. గంటకు 25 మైళ్లు మించకూడదన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల దాకా, అంటే మన లెక్కలో దాదాపు 119 కిలోమీటర్ల వేగం దాకా పోయిందని విచారణలో తేలింది. ఆ తర్వాత ఇంకో పోలీసు అధికారి, అక్కడి పోలీసు యూనియన్‌కు ఉపాధ్యక్షుడు, తన అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడుతూ నవ్వాడు. 11 వేల డాలర్లకు ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందని, ఆ అమ్మాయి విలువ అంతంతమాత్రమేనని అన్నాడు. ఒంటికి తగిలించుకున్న కెమెరా ఆన్‌లోనే ఉంది.

2023 సెప్టెంబరులో ఆ వీడియో బయటికి వచ్చినప్పుడు మన దగ్గర జనానికి ఎంత కడుపు మండిందో మీరూ చూసే ఉంటారు. అప్పటి ముఖ్యమంత్రి కేంద్ర విదేశాంగ మంత్రికి ఉత్తరం రాశారు. నా షాపులో ఆధార్ జెరాక్స్ కోసం నిలబడ్డవాళ్లు కూడా ఫోన్లో అది చూసి, వాడికీ ఒక కూతురు ఉంటే తెలిసేది అని తిట్టారు. లాయర్లు బేరమాడే తీరును వెక్కిరించానే తప్ప అమ్మాయిని కాదని ఆ అధికారి తర్వాత సంజాయిషీ చెప్పుకున్నాడు. చనిపోయింది ఆ ఊరి పెద్దమనిషి కూతురైతే, తెల్లజాతి పిల్లయితే, ఆ నవ్వు వచ్చేదా అనే అనుమానం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత జరిగింది ఇక్కడ ఎక్కువమందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ నవ్వును బయటపెట్టింది విలేఖరులు కాదు. అదే పోలీసు శాఖలో పనిచేసే ఉద్యోగి ఒకరు తన రోజువారీ పనిలో ఆ రికార్డింగ్ విని, ఇది సరికాదని పై అధికారులకు చెప్పారు. అక్కణ్నుంచి అది పోలీసుల మీద ఫిర్యాదులు విచారించడానికే ఆ నగరంలో ఉన్న ప్రత్యేక కార్యాలయానికి వెళ్లింది. నవ్వినవాడిని 2024 జూలైలో ఉద్యోగంలోంచి తీసేశారు. కారు నడిపినవాడి మీద క్రిమినల్ కేసు పెట్టేంత ఆధారం లేదని 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటర్ చేతులెత్తేశారు, ట్రాఫిక్ ఉల్లంఘన కింద 5,000 డాలర్ల జరిమానా రాశారు, 2025 జనవరిలో అతన్నీ ఉద్యోగంలోంచి తీసేశారు. అంటే రెండేళ్లు పట్టింది, అయినా జైలు లేదు. అమెరికాలో న్యాయం బ్రహ్మాండంగా ఉందని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. రికార్డు ఉండబట్టి ఆ మాత్రమైనా జరిగింది, అది లేకపోతే ఆ నవ్వు ఆ రాత్రితోనే పోయేది, మనకు ఒక ప్రమాదం వార్త మాత్రం మిగిలేది.

అమెరికాలోనే మినియాపొలిస్ నగరం సంగతీ అంతే. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద ఒక పోలీసు తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి చంపితే, పోలీసులు ఆ రాత్రి పత్రికలకు ఇచ్చిన ప్రకటనలో మోకాలి మాటే లేదు. పోలీసులు పట్టుకున్న సమయంలో ఆరోగ్యం బాగోలేక ఒక మనిషి చనిపోయాడని రాశారు. దారిన పోతున్న 17 ఏళ్ల అమ్మాయి ఫోన్లో తీసిన వీడియో ఉండబట్టి ఆ ప్రకటన అబద్ధమని లోకానికి తెలిసింది. ఆ పోలీసుకు 2021లో ఇరవై రెండున్నర ఏళ్ల శిక్ష పడింది. ఆ ప్రకటనలోని భాష మీకూ నాకూ కొత్తది కాదు సార్. గుండెపోటు వచ్చింది, ఫిట్స్ వచ్చాయి, బాత్రూంలో జారిపడ్డాడు, పారిపోబోయి గోడ మీద నుంచి పడ్డాడు. ఈ వాక్యాలు పేపర్లో చదవని ఏడాది నాకు గుర్తు లేదు.

ఇంగ్లాండులో 1993లో ఒక నల్లజాతి కుర్రాడిని బస్టాపు దగ్గర పొడిచి చంపితే దర్యాప్తును పోలీసులు నీరుగార్చారు. దాని మీద మాక్‌ఫర్సన్ అనే మాజీ జడ్జితో వేసిన విచారణ 1999లో చెప్పిన మాట పోలీసు శిక్షణలో పాఠంగా పెట్టదగ్గది. ఎవరో ఇద్దరు ముగ్గురు చెడ్డ పోలీసులు ఉండటం ఒక్కటే సమస్య కాదని, మనిషి రంగునో పుట్టుకనో చూసి శాఖ మొత్తం ఒక తీరుగా నడుచుకునే అలవాటే సమస్య అని ఆ నివేదిక తేల్చింది. మన దగ్గర రంగు స్థానంలో కులం ఉంది, తెగ ఉంది, మతం ఉంది, తండా ఉంది, పేట ఉంది. బండి పోయినా, బంగారం పోయినా, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ పోయినా మొదట జీపు ఎటు తిరుగుతుందో మీ డ్రైవర్‌ని అడగండి. ఎరుకల కాలనీకి, సుగాలి తండాకి, మాదిగ పేటకి, ముస్లిముల వీధికి. అక్కడ ఆధారం దొరికిందని కాదు. అక్కడివాళ్లను పట్టుకొస్తే అడిగేవాళ్లు లేరని.

అడిగేవాళ్లు లేకపోవడం అంటే ఎలా ఉంటుందో నా షాపులో చూసింది చెబుతాను. ఏ స్టేషనో రాయను, ఎందుకంటే ఆ కుటుంబం ఇంకా అదే స్టేషన్ పరిధిలో బతకాలి. తండా నుంచి ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రాడు జిన్నింగ్ మిల్లులో పని, సీజను అయిపోతే గుంటూరు వైపు మిరప కోతలకు పోతాడు. బండి దొంగతనం మీద విచారణ అని మఫ్టీలో వచ్చినవాళ్లు రాత్రిపూట తీసుకుపోయి, ఏ కాగితమూ లేకుండా రోజుల తరబడి పెట్టుకుని, అసలు దొంగ ఇంకెక్కడో దొరికాక, పోరా అని పంపేశారు. చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చాడు ఆ పిల్లోడు. అరికాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. స్టూలు వేస్తే కూర్చుని కాళ్లు నేల మీద ఆనకుండా పైకి ఎత్తి పట్టుకున్నాడు. నేను కీబోర్డు ముందు కూర్చుని జరిగింది చెప్పమన్నాను. తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టినారని రాయొద్దు సార్, మళ్లా తీస్కపోతారు. పిల్లోని ఫోను స్టేషన్లో ఉండాది, అది ఇప్పించమని మాత్రం రాయండి."

నేను అదే రాశాను. ఆ అర్జీలో ఫోను కంపెనీ ఉంది, మోడలు ఉంది, ఐఎంఈఐ నంబరు ఉంది, కంతుల మీద కొన్న షాపు బిల్లు జతపరిచి ఉంది. అరికాళ్ల మాట లేదు. ఎన్ని రాత్రులు పెట్టుకున్నారో లేదు. అన్నం ఎవరు పెట్టారో, డాక్టరు చూశాడో లేదో, ఏదీ లేదు. మీ రికార్డులో ఆ కుర్రాడు అసలు స్టేషన్‌కి రానే లేదు. ఆసుపత్రికి పోదాం, దెబ్బలు రాయిద్దాం అంటే తల్లి ఒప్పుకోలేదు. ఆమె భయం తప్పని నేను అనలేకపోయాను, రేపు జీపు వస్తే అడ్డం నిలబడేది నేను కాదు కదా.

ఇక్కడే నా అసలు మాట. ఆ కుర్రాడి మీద కాగితం పుట్టించాలంటే మీ దగ్గర అన్నీ ఉన్నాయి. సస్పెక్ట్ షీటు, రౌడీ షీటు, పాత నేరస్థుల రిజిస్టరు, వేలిముద్రలు, ఫోటో, ఎవరితో తిరుగుతాడు, అత్తగారిది ఏ ఊరు, అన్నీ. తాత మీద తెరిచిన షీటు మనవడి దాకా నీడలా వెంటాడుతుంది, పండగొస్తే బైండోవర్ (గొడవ చేయనని పూచీ రాయించుకోవడం), ఎలక్షన్లు వస్తే బైండోవర్, ఆదివారం వస్తే స్టేషన్‌లో కౌన్సెలింగ్. అదే మీ సిబ్బంది ఒక మనిషిని ఎప్పుడు తెచ్చారు, ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరు ప్రశ్నించారు, ఎప్పుడు వదిలారు అనే కాగితం మాత్రం ఉండదు. పేదోడి మీద రాసింది తరాలు దాటి నిలుస్తుంది, పోలీసు చేసింది రాసే కాగితం తెల్లారేసరికి కనపడదు. పోలీసు హింస అంటే లాఠీ ఒక్కటే అనుకుంటారు అందరూ. లాఠీకి ధైర్యం ఇచ్చేది ఈ రాయకపోవడమే.

ఇది నిన్న మొన్న వచ్చిన అలవాటు కాదు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తించేలా మార్చారు. ఫలానా జాతిలో పుట్టడమే నేరం. పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, వేలిముద్రలు తీసుకోవాలి, ఎక్కడికి పోయినా చెప్పి పోవాలి. మన నల్లమల అంచున ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో ఇలాంటి వాళ్లను కట్టడి చేయడానికే సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ రిజిస్టరు చూసే చూపు పోలేదు. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది పోలీసు సిబ్బందిని అడిగితే, ముస్లిములు సహజంగానే నేరాల వైపు మొగ్గుతారని ఎంతో కొంత నమ్ముతున్నట్టు సగం మంది చెప్పారు. సగం మంది సార్. నమ్మకం అలా ఉన్నప్పుడు స్టేషన్‌కి తెచ్చిన మనిషి నోరు తెరవకముందే దోషి.

ఇది నా ఒక్కడి మాట అనుకోకండి. 2024 మేలో సుప్రీంకోర్టు హిస్టరీ షీట్ల మీద ఒక తీర్పు ఇస్తూ, వెనకబడిన వర్గాల, ఎస్సీ ఎస్టీ కుటుంబాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఆ షీట్లలోకి ఎక్కిస్తున్నారని, రాష్ట్రాలన్నీ తమ పద్ధతులు మళ్లీ చూసుకోవాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైళ్లలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో, విముక్త జాతుల వాళ్లను, అంటే ఒకప్పుడు నేరస్థ జాతులని ముద్ర వేసినవాళ్లను, ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు విడిగా ఆదేశం ఇచ్చింది. అంతకు ముందే 2022లో మన రాష్ట్ర హైకోర్టు సింగిల్ జడ్జి, చట్టం ఆధారం లేకుండా పోలీసు శాఖ సొంత స్టాండింగ్ ఆర్డర్లు పట్టుకుని రౌడీ షీట్లు తెరవడం కుదరదన్నారు. దాని మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఈ తీర్పుల తర్వాత మీ జిల్లాల్లో ఎన్ని షీట్లు మళ్లీ పరిశీలించారు, ఎన్ని మూసేశారు, ఆ మూసేసినట్టు ఆ మనిషికి కాగితం ఇచ్చారా?

నంద్యాలను మీరు మరిచిపోయి ఉండరు. 2020 నవంబరులో ఒక ఆటో డ్రైవరు, భార్య, ఇద్దరు పిల్లలతో కలిసి పాణ్యం దగ్గర రైలు పట్టాల మీద ప్రాణాలు తీసుకున్నాడు. తాను దొంగతనం చేయలేదని, పోలీసుల వేధింపులు తట్టుకోలేకపోతున్నానని ఆ కుటుంబం తీసుకున్న సెల్ఫీ వీడియో చూసి రాష్ట్రమంతా కదిలింది. అంతకు ముందు అతని మీద దొంగతనం కేసు ఉంది, అందుకని ఆటోలో ఎవరి డబ్బు పోయినా అనుమానం అతని మీదికే వచ్చింది. సీఐనీ హెడ్ కానిస్టేబుల్‌నీ సస్పెండ్ చేసి అరెస్టు చేశారు, వెంటనే బెయిలు వచ్చింది, ఆ బెయిలు రద్దు చేయమని ప్రభుత్వమే మళ్లీ కోర్టుకు పోవాల్సి వచ్చింది. నేను అడిగేది ఆ వీడియో గురించి. ఫిర్యాదు చేయడానికి ఆ మనిషికి బతికి ఉండగా ఒక చోటు ఎందుకు కనపడలేదు? స్టేషన్ మీద ఫిర్యాదు అదే స్టేషన్‌కి తిరిగి వస్తుందని తెలిసినవాడు ఎక్కడికి పోవాలి?

శేషాచలం ఇంకో గాయం. 2015 ఏప్రిల్ 7న చిత్తూరు జిల్లా వైపు అడవిలో ఎర్రచందనం కూలీలు 20 మందిని టాస్క్‌ఫోర్స్ కాల్చి చంపింది. తమిళనాడు నుంచి కూలి కోసం వచ్చినవాళ్లు, అందులో కొండ మీద తెగల వాళ్లు. గొడ్డళ్లతో రాళ్లతో తిరగబడ్డారని పోలీసులు చెప్పారు. ఆ కొండల రెండో వైపు కడప జిల్లా. దుంగలు కొన్నవాళ్లకు, ఓడరేవు దాటించినవాళ్లకు బేడీలు పడితే వాళ్ల లాయర్లు గంటలో దిగుతారు, తుపాకీ గుండు పడేది మాత్రం చెట్టు నరికే కూలివాడి మీద. వాళ్లు మన భాష మాట్లాడేవాళ్లు కాదు కాబట్టి మనం పెద్దగా ఏడవలేదు. సియాటిల్‌లో మన అమ్మాయి గురించి నవ్వినవాడి చూపుకూ దీనికీ ఎంత దూరమో నాకు తెలియడం లేదు.

శిక్షలు పడటం లేదా అంటే, జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 2001 నుంచి 2020 దాకా ఇరవై ఏళ్లలో దేశంలో పోలీసు కస్టడీలో 1,888 మంది చనిపోయారు. పోలీసుల మీద పెట్టిన కేసులు 893, ఛార్జిషీటు పడింది 358 మంది మీద, శిక్ష పడింది 26 మందికి. మన రాష్ట్రంలోనే, 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద చేసిన అత్యాచార ఆరోపణ కేసు 2023 ఏప్రిల్‌లో కొట్టుకుపోయింది. దర్యాప్తు అధికారులు సరిగా చేయలేదని కోర్టే చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్లు తిరిగినవాళ్లకు చివరికి దొరికింది దర్యాప్తు బాగా చేయలేదన్న మాట. రికార్డు మొదటి రోజు చెడితే కోర్టు కూడా ఏమీ చేయలేదు.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియవని కాదు. నా షాపుకు కానిస్టేబుళ్లు కూడా వస్తారు, బదిలీ అర్జీలు, సెలవు అర్జీలు, పిల్లల ఫీజు లోను కాగితాలు టైపు చేయించుకోవడానికి. వీక్లీ ఆఫ్ 2019లో ప్రకటించారు, అది ఎంతమందికి నిజంగా దొరుకుతోందో వాళ్లే చెబుతారు. పోయిన సొత్తులో రికవరీ ఎంత, రికవరీ ఎంత అని పైనుంచి ఒత్తిడి. వేలిముద్రల నిపుణుడు రావాలి, సీసీ ఫుటేజీ తెప్పించాలి, కాల్ డేటా రావాలి, ఇవన్నీ టైం పట్టే పనులు. పాత రిజిస్టరు తీసి నలుగురిని పట్టుకొచ్చి అరికాళ్ల మీద కొడితే రాత్రికి రాత్రే ఎవడో ఒకడు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నవాడే దొంగ అవుతాడు. నెలవారీ క్రైమ్ మీటింగులో మీరు అడిగే ప్రశ్న ఇదే అయినన్నాళ్లు కింది కానిస్టేబుల్ ఇదే చేస్తాడు, అతన్ని సస్పెండ్ చేసి చేతులు కడుక్కోవడం అతనికీ అన్యాయమే. అందుకే ఈ ఉత్తరం కానిస్టేబుళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

కొత్త చట్టాలేవీ అడగడం లేదు. ఉన్నవి నడిస్తే చాలు. 1996 డిసెంబరులో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు సమయంలో పాటించాల్సిన పద్ధతి రాసిపెట్టింది. అరెస్టు చేసేవాడికి పేరు కనిపించే బ్యాడ్జి ఉండాలి, తేదీ టైముతో అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్లో ఊరి పెద్దో దాని మీద సాక్షి సంతకం చేయాలి, బంధువుకు చెప్పాలి, కోరితే ఒంటి మీద దెబ్బలు చూసి రాయాలి, ఆ కాగితం ఒకటి అతనికి ఇవ్వాలి. దాదాపు ఇవన్నీ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నాయి. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతోంది. కానీ మన స్టేషన్లలో గడియారం మొదలయ్యేది మనిషిని తెచ్చినప్పుడు కాదు, అరెస్టు చూపించినప్పుడు. తెచ్చింది మంగళవారం, చూపించింది శుక్రవారం. ఆ మధ్య రోజులు ఎవరి లెక్కలోనూ ఉండవు. దెబ్బలన్నీ ఆ మధ్య రోజుల్లోనే పడతాయి. శుక్రవారం డాక్టరు గాయాలేవీ లేవని రాస్తాడు, పోలీసులు కొట్టారా అని మెజిస్ట్రేటు అడిగితే పక్కనే కొట్టినవాడు నిలబడి ఉంటాడు.

ఆ మధ్య రోజులను చూపించగలిగేది కెమెరా ఒక్కటే. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, వెనక వైపు, అన్ని చోట్లా సీసీ కెమెరాలు పెట్టమంది, మాట కూడా రికార్డవ్వాలంది, రాత్రిపూట కనపడాలంది, 18 నెలలు దాచమంది. కెమెరా ఉందని, హింస జరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో స్టేషన్‌లో బోర్డు పెట్టమంది. కలెక్టరూ ఎస్పీ ఉండే జిల్లా కమిటీ ఆ రికార్డింగులు చూడాలంది. అయినా చాలా చోట్ల కెమెరాలు పనిచేయడం లేదని 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే మళ్లీ కేసు తీసుకోవాల్సి వచ్చింది. నేను పని మీద వెళ్లిన స్టేషన్లలో కెమెరాలు చూశాను, గేటు దగ్గరా రైటరు బల్ల పైనా ఉన్నాయి. విచారణ జరిగే వెనక గదికి ఎదురుగా కనపడలేదు. బోర్డు కనపడలేదు.

2006 సెప్టెంబరు 22న ప్రకాష్ సింగ్ కేసులో రాష్ట్రానికీ ప్రతి జిల్లాకీ పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. మా జిల్లా అథారిటీ ఎక్కడుంది? ఏ వీధిలో, ఏ గదిలో, ఫోను నంబరు ఎంత, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు తీసుకుంది, ఎంతమంది మీద చర్యకు రాసింది? పోలీసుల మీద కేసు రాయించాలని వచ్చినవాళ్లకు నేను ఏ చిరునామా టైపు చేయాలో మీరే చెప్పండి.

నేను కోరుతున్నవి ఇవి. రేపటి నుంచి మీ జిల్లాల్లో ఏ మనిషి స్టేషన్ గడప దాటినా, అరెస్టు అన్నా అనకపోయినా, విచారణ అన్నా కౌన్సెలింగ్ అన్నా, వచ్చిన టైమూ పోయిన టైమూ స్టేషన్‌లో రోజూ రాసే జనరల్ డైరీలో పడాలి, అతనికి ఒక చీటీ ఇవ్వాలి. మామూలు చీటీ, సంతకంతో. బ్యాంకులో వంద రూపాయలు కట్టినా రశీదు ఇస్తారు, మనిషిని పెట్టుకున్నందుకు ఇవ్వలేరా? వెనక గదుల్లో కెమెరాలు పెట్టించి, నెలకోసారి ఏ స్టేషన్‌లో ఏ కెమెరా ఎన్ని రోజులు పనిచేయలేదో బయటపెట్టండి. కస్టడీలో మనిషి చనిపోయినా కనపడకుండా పోయినా ఆ రోజే కెమెరా పనిచేయలేదని చెబితే, దాని బాధ్యత ఆ స్టేషన్ అధికారి మీద పెట్టండి. సస్పెక్ట్ షీట్లు, రౌడీ షీట్లు ఒక గడువు పెట్టుకుని తిరగేయండి, ఏళ్ల తరబడి కేసు లేనివాళ్లవి మూసేసి ఇంటికి కాగితం పంపండి. ఆ పరిశీలనలో మీ శాఖ వాళ్లే కాకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒకరు, ఆ తెగల నుంచి చదువుకున్నవారు ఒకరు కూర్చోవాలి. ఏ కులం, ఏ తెగ, ఏ మతం వాళ్లు ఆ షీట్లలో ఎంతమంది ఉన్నారో లెక్క పేర్లు లేకుండా బయటపెట్టండి. జనాభాలో వాళ్ల వాటా ఎంత, షీట్లలో ఎంత అన్నది అందరూ చూడాలి, మీరూ చూడాలి.

సస్పెన్షన్ గురించి ఒక మాట. ఒకచోట మనిషిని చావగొట్టినవాడిని వీఆర్‌కు, అంటే పోస్టింగ్ లేకుండా పక్కన, పెట్టి, మూడు నెలలు పోయాక ఇంకో మండలంలో పోస్టింగ్ ఇవ్వడం శిక్ష కాదు, బదిలీ. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద చేయాల్సిన విధిని ఆ వర్గాలకు చెందని అధికారి కావాలని నిర్వర్తించకపోతే, అది ఆ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. ఆ సెక్షన్ కింద మీ జిల్లాల్లో ఎప్పుడైనా ఒక పోలీసు మీద కేసు కట్టారా? కట్టి ఉంటే చెప్పండి, జనానికి నమ్మకం వస్తుంది. సియాటిల్‌లో రికార్డింగ్ విని పైకి చెప్పిన ఉద్యోగి లాంటివాళ్లు మీ శాఖలోనూ ఉన్నారు, నాకు తెలుసు, టీ తాగుతూ మెల్లగా చెప్పేవాళ్లను నేను చూశాను. మధ్యరాత్రి వెనక గదిలోంచి అరుపులు వినలేక బయటికి పోయి నిలబడే కానిస్టేబుల్ ఉన్నాడు. అతను మీ దాకా వచ్చి చెబితే అతని ఉద్యోగానికి, అతని బదిలీకి ఏ నష్టం రాదని మీరు రాతపూర్వకంగా హామీ ఇవ్వగలరా?

మన దేశం 1997లో ఐక్యరాజ్యసమితి చిత్రహింసల నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టింది, ఇప్పటికీ దాన్ని ఆమోదించి చట్టం చేయలేదు. లా కమిషన్ 2017లో ముసాయిదా బిల్లుతో సహా నివేదిక ఇచ్చింది. అది ఢిల్లీ పని, మీ చేతిలో లేదు. నేను పైన రాసినవన్నీ మీ చేతిలో ఉన్నవి, ఒక మెమో మీద సంతకం పెడితే మొదలయ్యేవి.

వచ్చే సోమవారం ఈ ఉత్తరం ప్రతిని కర్నూలు ఎస్పీ ఆఫీసులో అర్జీగా ఇస్తాను, మిగతా జిల్లాలకు స్పీడ్ పోస్టులో పంపుతాను. దాంతోపాటు షీట్ల లెక్క, కెమెరాల స్థితి, ఫిర్యాదుల అథారిటీ చిరునామా అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు విడిగా పెడుతున్నాను. దానికి 30 రోజుల గడువు ఉంది. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది, లాకప్‌లో ఉన్నవాళ్ల విషయంలో జనానికి ఆ దరఖాస్తులు ఇకమీదట నా షాపులో ఉచితంగా టైపు చేసి ఇస్తాను. ఫోను ఇప్పించమని మాత్రమే రాయించుకున్న ఆ తండ్రికి ఫోను ఇంకా రాలేదు. తీసుకున్నట్టు స్టేషన్‌లో కాగితం లేదట.

సోమవారం నా అర్జీ తీసుకున్నప్పుడు తేదీ ముద్ర వేసి రశీదు ఇవ్వమని మీ సిబ్బందికి ముందే చెప్పి ఉంచగలరు.

ఇట్లు,
అర్జీలు టైపు చేసుకుని బతికే ఆదోని వాసి